ర్యాలీలు చాలు, పిల్లల చేత గేమ్‌లు తయారు చేయిద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను టెక్కలి డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మీ జిల్లా పేజీల్లో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర ఫోటోలు నెల నెలా చూస్తూనే ఉన్నాను, చీపుర్లు పట్టుకున్న పిల్లలు, ప్లకార్డులు, ఒక మొక్క, ఆ మొక్క చుట్టూ అరడజను మంది పెద్దలు. శుభ్రం చేయడం మంచిదే, నేనేం కాదనట్లేదు. కానీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి పర్యావరణం బుర్రకెక్కాలంటే వాళ్ళ చేత దాని మీద వీడియో గేమ్‌లు తయారు చేయించాలని నా గట్టి నమ్మకం. ఆడించడం కాదండీ, తయారు చేయించడం. ఈ రెంటికీ ఉన్న తేడా చెప్దామనే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా, వీలైతే కత్తిరించకుండా వేయండి.

పర్యావరణం అన్ని తరగతుల్లోనూ తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లోనే చెప్పింది. ముప్పై ఏళ్ళు దాటిపోయింది. ఈలోపు మేం చేసిందేంటంటే వ్యాసరచన పోటీ, డ్రాయింగ్ పోటీ, వక్తృత్వం, ర్యాలీ. "చెట్లు నాటవలెను, నీటిని పొదుపు చేయవలెను" అని పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు, మేం మార్కులు వేస్తాం. ఎందుకు నాటాలి, ఎక్కడ నాటాలి, నాటకపోతే ఎవరికేమవుతుంది, ఎన్నేళ్ళకవుతుంది అని తిరిగి అడగండి, సగం మంది నోరు మెదపరు. అది పిల్లల తప్పు కాదు, మనం వాళ్ళని వాక్యాలే అడిగాం, వాళ్ళు వాక్యాలే ఇచ్చారు.

గేమ్ తయారు చేయాలంటే వాక్యం చాలదు. ఏం జరిగితే ఏం అవుతుందో కంప్యూటర్‌కి ఒక్కొక్కటీ విడదీసి చెప్పాలి. మేం వాడేది స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్, అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్ళు 2007లో విడుదల చేసింది, పూర్తిగా ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. రంగు రంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలించుకుంటూ పోవడమే, కోడ్ టైప్ చేసే పని లేదు.

మా తీరంలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన తాబేళ్ళని మా పిల్లల్లో చూడనివాళ్ళు లేరు. అందుకని మొదటి జట్టు తాబేలు గేమ్ పెట్టుకుంది. తాబేలు ఈదుతుంది, వల తగిలితే చచ్చిపోతుంది, గేమ్ ఓవర్. అక్కడే ఏడో తరగతి పాప ఒకమ్మాయి ఆగిపోయి అడిగింది, "వల తగిల్తే ఎందుకు సచ్చిపోవాల మాస్టారూ, అది నీళ్ళల్లోనే కదా ఉంటాది?"

ఎంత మంచి ప్రశ్నో చూడండి. నేను చాలా ఏళ్ళుగా సరీసృపాలు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయని బోర్డు మీద రాస్తున్నాను, వాళ్ళూ రాసుకుంటున్నారు, ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు బ్లాకు తగిలించాలి కాబట్టి అడగాల్సొచ్చింది. తాబేలు మధ్య మధ్యలో పైకొచ్చి గాలి పీల్చుకోవాలి, వలలో ఇరుక్కుంటే పైకి రాలేదు, సముద్రపు జీవి సముద్రంలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ పాప వెంటనే "ఊపిరి" అని ఒక వేరియబుల్, అంటే మారుతూ ఉండే అంకె, పెట్టింది, నీళ్ళ కింద ఉన్నంతసేపూ తగ్గుతూ ఉంటుంది, పైకొస్తే నిండుతుంది, వలలో పడితే నిండదు. దాంతో గేమ్ మొత్తం మారిపోయింది. అంతకుముందు వల తగిలిన క్షణంలో చావు, ఇప్పుడు వలలో పడ్డాక కాసేపు టైం ఉంది, ఆ టైంలో ఎవరైనా వచ్చి విడిపిస్తే బతుకుతుంది. మరి ఎవరొస్తారు?

అక్కడ రెండో గొడవ మొదలైంది. పిల్లలు బోటులో మనిషికి నల్ల రంగేసి, మీసాలు పెట్టి, విలన్‌ని చేశారు. భావనపాడు వైపు నుంచి వచ్చే కుర్రాడు ఒకడున్నాడు, వాళ్ళ నాన్న చేపల వేటకెళ్తాడు. వాడు లేచి నిలబడ్డాడు. "మా అయ్య విలనేటి? కావాలని పడతాడేటి? తాబేలు పడితే వల కొయ్యాల, ఒక వల కొంటే ఎంతవుతాదో తెల్సా మీకు?" అన్నాడు. క్లాసు నిశ్శబ్దంగా అయిపోయింది. నేను వాడిని ఆ వల ఖరీదు, డీజిల్ ఖరీదు, ఒక వేటకి ఎంతొస్తుందో ఇంట్లో అడిగి రాసుకురమ్మన్నాను. వాడు రాసుకొచ్చిన లెక్కలే గేమ్‌లో రూల్స్ అయ్యాయి. ఇప్పుడు ఆడేవాడు తాబేలు కాదు, వేటకెళ్ళిన మనిషి. డీజిల్ అయిపోతూ ఉంటుంది, చేపలు పట్టాలి, ఇంటికి డబ్బు తేవాలి, వలలో తాబేలు పడితే కోసి వదలాలా వద్దా అన్నది వాడి చేతిలో ఉంది. వదిలితే వల పోతుంది, వదలకపోతే తాబేలు పోతుంది.

మొదటి రోజు ఆడిన పిల్లలు చాలామంది తాబేలుని వదల్లేదు. ఇంటికి డబ్బు తేలేకపోతే గేమ్ ఓడిపోతారు మరి. అప్పుడు వాళ్ళలో వాళ్ళే కూచుని ఒక కొత్త రూల్ కనిపెట్టారు, తాబేలుని వదిలినందుకు వల డబ్బులో కొంత ఊరు కట్టాలి అని. ఇది పిల్లల ఊహే, కానీ మహారాష్ట్రలో 2018 నుంచి అచ్చం ఇలాంటి పథకమే నడుస్తోంది, వలలో పడిన రక్షిత జీవిని వల కోసి సముద్రంలో వదిలిన మత్స్యకారుడికి 25,000 రూపాయల దాకా పరిహారం ఇస్తారు. అది చెప్తే ఆ కుర్రాడి ముఖం చూడాలి. మన దగ్గరెందుకు లేదు మాస్టారూ అని అడిగాడు. ఆ ప్రశ్న మీ పేపర్ ద్వారా మత్స్యశాఖ వారికీ అటవీశాఖ వారికీ చేరవేస్తున్నాను.

పర్యావరణం పాఠాల్లో మనం ఎప్పుడూ పేదవాడినే దోషిని చేసేస్తాం, కట్టెలు కొట్టేవాడు, వల వేసేవాడు, పొలంలో మందు కొట్టేవాడు. వాడి బతుకు లెక్క పుస్తకంలో ఉండదు. గేమ్‌లో ఆ లెక్క పెట్టకపోతే గేమ్ ఆడదు, అందుకే నాకు ఈ పద్ధతి మీద ఇంత గురి.

కంప్యూటర్లు లేని స్కూళ్ళ సంగతేంటని అడుగుతారు. మేం కూడా స్క్రీన్ ముందుకి వెళ్ళకముందు పళ్ళెం, చింతపిక్కలతోనే మొదలుపెట్టాం, వామనగుంటలు ఆడిన ఊళ్ళో చింతపిక్కలకి కరువేముంది. పళ్ళెంలో 40 పిక్కలు, అవి చెరువులో చేపలు. నలుగురు పిల్లలు, ఒక్కో రౌండ్‌లో ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. అందరూ తీశాక మిగిలినవాటిలో ప్రతి రెండు పిక్కలకీ ఒక కొత్త పిక్క వేస్తాం, అయితే పళ్ళెంలో 40కి మించకూడదు, చెరువు పట్టేది అంతే. తలా ఆరు తీస్తే రెండో రౌండ్‌కే పళ్ళెం ఖాళీ. సరే జాగ్రత్తగా తలా నాలుగే తీద్దాం అనుకున్నారు, నాలుగు రౌండ్లు బానే నడిచినట్టుంటుంది, ఐదో రౌండ్‌కి చూస్తే ఏడే ఉన్నాయి, నలుగురికీ సరిపోవు. తలా మూడు తీస్తే 28 మిగులుతాయి, 14 పుడతాయి, పళ్ళెం మళ్ళీ నిండిపోతుంది, ఎన్నాళ్ళయినా అలా ఆడుకుంటూ ఉండొచ్చు. మూడుకీ నాలుగుకీ తేడా ఒక్క పిక్క. ఆ ఒక్క పిక్క దగ్గర పిల్లలు పోట్లాడుకున్నారు, వాడు నాలుగు తీశాడని ఈమె, ముందు ఈమే తీసిందని వాడు. సస్టైనబిలిటీ అని పెద్ద పెద్ద సెమినార్లలో చెప్పేది ఇదేనండీ.

ఇది అయ్యాక మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎందుకో నేను విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. ఒక రౌండ్ ఎవరూ ముట్టుకోకపోతే ఏడు పిక్కలు పదవుతాయి, ఇంకో రౌండ్ ఆగితే పదిహేను. వాళ్ళే లెక్కేసుకున్నారు. ఆ రెండు రౌండ్లూ ఆ నలుగురు ఏం తింటారు మాస్టారూ అని కూడా వాళ్ళే అడిగారు, వేట నిషేధ భృతి గురించి అప్పుడు మాట్లాడుకున్నాం.

మా జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ టీచర్ జాగ్రత్తగా ఉండాలి. వేరే ఊరి నుంచి వచ్చి మా హాస్టల్లో ఉండే పిల్లలు ఇద్దరు, ఒకరిది కవిటి వైపు, ఒకరిది వజ్రపుకొత్తూరు వైపు, కిడ్నీ జబ్బు మీద గేమ్ చేస్తామన్నారు. వాళ్ళిళ్ళల్లో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళు వేసుకొచ్చిన రూల్ ఏంటంటే బోరు నీళ్ళు తాగితే కిడ్నీ మీటర్ తగ్గుతుంది. ఊళ్ళో అందరూ అనేదే కదా అది. కానీ ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటిదాకా శాస్త్రవేత్తలు తేల్చలేదు, నీళ్ళని అనుమానించారు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు తగ్గడాన్ని, పురుగుమందుల్ని, అతిగా వాడే నొప్పి మాత్రల్ని అనుమానించారు, ఒక్కటీ గట్టిగా రుజువు కాలేదు. గేమ్‌లో రూల్ రాయడం అంటే ఇది నిజం అని సాక్ష్యం చెప్పడమే, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకూడదు అని వాళ్ళకి చెప్పాను.

వాళ్ళు నీరుగారిపోలేదు. గేమ్ మార్చారు. ఇప్పుడు అందులో ఆడేవాడు జబ్బు ఎందుకొచ్చిందో వెతికే డాక్టరు. ఇంటింటికీ వెళ్ళాలి, ఎవరు ఏం నీళ్ళు తాగుతారు, పొలంలో ఎన్ని గంటలు పని చేస్తారు, ఏ మాత్రలు వేసుకుంటారు అని అడిగి రాసుకోవాలి, రక్తపరీక్ష చేయించాలి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఈ గేమ్‌లో గెలుపు అంటూ లేదు, ఎంతమందికి ముందుగా జబ్బు కనిపెట్టగలిగితే అన్ని పాయింట్లు. హిరమండలం రిజర్వాయర్ నుంచి 2023 చివర్లో మొదలైన మంచినీళ్ళ పథకం కూడా అందులో పెట్టారు, పైపు వచ్చిన ఊళ్ళు నీలం రంగు, రానివి బూడిద రంగు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు చేసిన పని ఇది. తెలిసినదానికీ అనుమానించేదానికీ మధ్య గీత గీయడం పెద్దవాళ్ళలో ఎంతమందికి వచ్చండీ, వాట్సాప్‌లో రోజూ చూస్తున్నాం కదా.

మిగతా జట్ల గురించి క్లుప్తంగా చెప్తాను. ఒకరు తేలినీలాపురం పక్షుల మీద చేశారు, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కడితే నౌపడ వైపు మడుగుల్లో మేత తెచ్చుకోవాలి, మడుగు ఎండితే గూడు ఎంత బాగున్నా పిల్లలు బతకవు అన్నది అందులో కీలకం. ఇంకొకరు 2018 అక్టోబర్ తిత్లీ తుఫాను తర్వాత పడిపోయిన కొబ్బరి, జీడి తోటల మీద చేశారు, మళ్ళీ నాటిన కొబ్బరి కాపుకి రావడానికి పట్టే ఏళ్ళు గేమ్‌లో ఎలా చూపించాలో తెలీక తెగ తంటాలు పడ్డారు, చివరికి ప్రతి ఏడాదికీ ఒకసారి స్పేస్ బార్ నొక్కాలి అని పెట్టారు. ఆడేవాళ్ళకి విసుగొస్తోంది సార్ అన్నారు. రైతుకి రాదా మరి అన్నాను.

ఏ గేమ్ అయినా సరే అని మాత్రం నేననను. ఆకాశం నుంచి ప్లాస్టిక్ కవర్లు రాలుతుంటే చెత్తబుట్టతో పట్టుకునే గేమ్ ప్రతి స్కూల్లోనూ మొదట అదే వస్తుంది, తయారు చేయడం తేలిక కాబట్టి. మొదటి వారం అభ్యాసానికి పర్లేదు, అక్కడితో ఆగిపోతే మాత్రం అది డ్రాయింగ్ పోటీకి ఇంకో రూపం. ఆ కవరు ఎవరు తయారు చేశారు, కొట్టువాడు ఎందుకిస్తున్నాడు, 2022 జూలై 1 నుంచి కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులు నిషేధం కదా, నిషేధించినవి సంతలో ఇంకా ఎందుకు కనిపిస్తున్నాయి, ఇవి గేమ్‌లోకి రావాలి. క్విజ్ గేమ్‌లూ అంతే, నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడానికి కంప్యూటర్ ఎందుకు, ప్రశ్నపత్రం చాలు. ఆడేవాడు ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాల్సిన పరిస్థితి ఉందా లేదా అని చూడాలి, అది లేని గేమ్‌ని నేను వెనక్కిచ్చేస్తాను.

తల్లిదండ్రులు వచ్చి పోట్లాడారు కూడా. "ఇప్పటికే ఫోన్ వదలట్లేదు మాస్టారూ, మీరు బళ్ళో కూడా గేములేటి?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. ఆవిడ భయం న్యాయమైనదే. ఫోన్‌లో వచ్చే గేమ్‌లు పిల్లాడిని వదలనివ్వకుండా కట్టిపడేయడానికే తయారైనవి, రోజూ వస్తే బహుమతి, రాకపోతే నష్టం, ఒక్క లెవెల్ దూరంలో గెలుపు. గేమ్ లోపల ఆ కిటుకులు ఎలా పెడతారో తయారు చేసే పిల్లలకి తెలిసిపోతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లాడొకడు తను రోజూ ఆడే గేమ్‌లో ఆ కిటుకులన్నీ లెక్కపెట్టి తోటివాళ్ళకి చూపించాడు, ఆ తల్లిని పిలిచి అది చూపించాను. అదీ కాక మా పని ఎక్కువ భాగం కాయితం మీదే, ఊళ్ళోకెళ్ళి అడిగి రావడమే, స్క్రీన్ ముందు కూచునేది వారంలో ఒక పీరియడే.

సామాన్ల గురించి. 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ట్యాబులిచ్చారు, నాడు-నేడు కింద చాలా హైస్కూళ్ళకి పెద్ద టీవీల్లాంటి డిజిటల్ ప్యానెళ్ళు వచ్చాయి. చాలాచోట్ల వాటిలో వీడియో పాఠం వేసి పిల్లల్ని చూస్తూ కూర్చోమంటున్నాం. ఉన్న పరికరం వాడితే చాలు, దీనికోసం కొత్తవి కొనమని నేను అడగట్లేదు, కొన్న ప్రతి ట్యాబూ ఏదో ఒక రోజు ఈ-వేస్టే, పర్యావరణం పేరు చెప్పి కొత్త చెత్త పోగు చేయడం నాకిష్టం లేదు. జాతీయ విద్యా విధానం 2020 కూడా 6 నుంచి 8 తరగతుల్లో కోడింగ్ ఉండాలంటోంది. దాన్ని చూపించి వేలకి వేలు ఫీజులు గుంజే కోడింగ్ కోర్సుల వాళ్ళు మా ఊరి దాకా వచ్చేశారు, ఒక ప్రైవేట్ స్కూల్లో పిల్లల చేత యాప్ తయారు చేయించామని ఫ్లెక్సీ కూడా కట్టారు, లోపల చూస్తే రెడీమేడ్ యాప్‌కి పిల్లాడి పేరు మార్చారంతే. కూలికెళ్ళే తల్లిదండ్రులు అప్పు చేసి అలాంటిచోట కట్టకుండా ఉండాలంటే ప్రభుత్వ బడిలో ఉచితంగా, నిజాయితీగా ఇది జరగాలి.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాశాఖాధికారులకి నా విన్నపం. ఏడాదిలో వచ్చే మూడో శనివారాల్లో కనీసం రెండు ఎకో క్లబ్ పిల్లల గేమ్ పనికి వదిలేయండి, ఊళ్ళోకెళ్ళి అడిగి రావడానికి ఒకటి, తయారైన గేమ్ ఊరివాళ్ళ చేత ఆడించడానికి ఒకటి. స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో సైన్స్ టీచర్లకీ లెక్కల టీచర్లకీ కలిపి ఒక పూట స్క్రాచ్ చూపించండి, లెక్కల మాస్టారు తోడుంటేనే ఇది నడుస్తుంది, మా స్కూల్లో సగం పని ఆయనదే. సైన్స్ ఫెయిర్‌లో థర్మాకోల్ అగ్నిపర్వతాల పక్కన ఈ గేమ్‌లకి ఒక బల్ల ఇవ్వండి, మార్కులు బొమ్మల అందానికి కాకుండా పిల్లలు ఎవరిని అడిగి ఏం తెలుసుకుని రూల్ పెట్టారో దానికి వేయండి. పూసపాటిరేగ, చింతపల్లి తీరంలో టీచర్లు తాబేళ్ళ మీద చేసినా, నాగావళి ఒడ్డున ఇసుక తవ్వకాల మీద చేసినా, మన్యం నుంచి వచ్చే పిల్లలు పోడు మీద చేసినా, ఎవరి ఊరి కష్టం వాళ్ళదే, పై నుంచి ఒకే టాపిక్ అందరికీ ఇవ్వొద్దు.

మీ పేపర్‌కి కూడా ఒక మాట. జిల్లా పేజీలో నెలకొకసారి ఒక పాతిక లైన్ల చోటు ఇస్తే, ఏ స్కూల్ పిల్లలు ఏ గేమ్ చేశారో, అందులో రూల్ ఏంటో, ఆ రూల్ కోసం ఎవరిని అడిగారో పిల్లలే రాస్తారు. చింతపిక్కల ఆట రూల్స్ పైన పూర్తిగానే ఇచ్చాను, ఏ టీచరైనా రేపు క్లాసులోనే ఆడించొచ్చు, పళ్ళెం లేకపోతే నేల మీద చాక్‌పీస్‌తో గుండ్రంగా గీసినా సరిపోతుంది.

ఇట్లు,
ఒక సైన్స్ మాస్టారు,
టెక్కలి డివిజన్, శ్రీకాకుళం జిల్లా.